వాల్వు రేడియో ఇరవై నిమిషాలకే గొంతు మారుస్తోందా? సమస్య - పరిష్కారం

అటక మీంచి రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి వాల్వు రేడియో దింపి, ఆ రోజుల్లో బెజవాడ ఇళ్లలో వార్తలు ఎలా విన్నారో పిల్లలకు ఒక పూటైనా వినిపించాలనుకునేవాళ్ల కోసం ఇది. టంకం పెట్టడం, మీటరుతో వోల్టేజి చూడటం, 250 వోల్టుల దగ్గర ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని పనిచెయ్యడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. అవి రానివాళ్లు వెనక అట్ట విప్పొద్దు, తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి.

ఏళ్ల తరబడి కరెంటు చూడని సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకండి. 60 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో కట్టి ఆన్ చెయ్యండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు, ఫిలమెంటు బల్బే కావాలి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. అలాగే ధగధగా వెలుగుతూ ఉంటే లోపల షార్టు ఉంది, ఆపెయ్యండి. వెనకున్న వోల్టేజి సెలక్టరు కూడా చూడండి. అది 220 మీద ఉండి మీ ఇంట్లో 240 వస్తుంటే, వాల్వుల్లోని 6.3 వోల్టుల హీటరుకు 6.9 దాకా పోతుంది. 240 మీదో 250 మీదో పెట్టండి.

లక్షణం: గుయ్యిమంటోంది, స్టేషన్లు లేవు

వాల్వులన్నీ వెలుగుతాయి. స్పీకరులో సన్నటి మోత ఉంటుంది. ముల్లును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా ఒక్క స్టేషనూ పలకదు. ఇలాంటి సెట్టును వెంటనే విప్పేసి, చక్కగా ఉన్న ట్రిమ్మర్లన్నీ (స్టేషన్లను సరిగ్గా కుదిర్చే చిన్న మరలు) స్క్రూడ్రైవరుతో తిప్పేసి, ఆ తర్వాత మెకానిక్కును వెతుక్కునేవాళ్లు ఎందరో. దయచేసి ముందు ఈ రెండూ చూడండి.

ఒకటి, బ్యాండు స్విచ్చి. చాలా సెట్లలో మీడియం వేవ్, షార్ట్ వేవ్‌లతో పాటు గ్రామఫోను పికప్‌కు ఒక స్థానం ఉంటుంది. స్విచ్చి అక్కడ ఉంటే రేడియో భాగం స్పీకరు దాకా రాదు. ఒక మెట్టు తిప్పితే పోయే సమస్య అది.

రెండు, ఏరియలు, ఎర్తు. ట్రాన్సిస్టరుకు అలవాటు పడ్డ చేతులకు ఇది తట్టదు. ట్రాన్సిస్టరు లోపల ఫెరైట్ కడ్డీ ఉంటుంది, బయటి తీగ లేకపోయినా మీడియం వేవ్ పట్టుకుంటుంది. ఆనాటి సెట్లలో ఆ కడ్డీ లేదు, బయట తీగ కడతారని నమ్మి చేసిన యంత్రాలవి. అప్పటికి విజయవాడలో రేడియో కేంద్రం లేదు, అది మొదలైంది 1948 డిసెంబరు 1న. ఆలిండియా రేడియో కేంద్రాల్లో మనకు దగ్గరిది 1938 జూన్ 16న మొదలైన మద్రాసు, అదీ దాదాపు 380 కిలోమీటర్ల దూరం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డనాడు ఇక్కడి ఇళ్లలో వార్త వినాలన్నా డాబా మీద కట్టిన తీగే ఆధారం.

10 నుంచి 15 మీటర్ల రాగి తీగ తీసుకుని రెండు చివరలా పింగాణీ ఇన్సులేటర్లు వేసి, నేలకు 6 మీటర్ల ఎత్తుకు తగ్గకుండా లాగండి. దించే తీగను గోడకు, ఇనప ఊచలకు తగలనివ్వకండి. ఎర్తుకు తడి నేలలో దిగ్గొట్టిన జీఐ పైపు చాలు. అపార్టుమెంటులో ఉంటే బాల్కనీ నుంచి 5 మీటర్ల తీగ వేలాడదీసినా స్థానిక కేంద్రం వస్తుంది. ఉరుములప్పుడు తీగ పీకెయ్యడం మరవొద్దు. ఒక హెచ్చరిక: మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ/డీసీ సెట్లలో చాసీకే (భాగాలన్నీ బిగించిన లోహపు పళ్లేనికే) కరెంటు ఉంటుంది. వాటి చాసీకి ఎర్తు తీగ తగిలించారంటే ఫ్యూజైనా పోతుంది, మనిషైనా పోతాడు.

ఏరియలు సాకెట్టుకు తీగ గుచ్చి తీసినప్పుడు స్పీకరులో టప్పుమంటే రేడియో భాగం బతికే ఉందన్నమాట. డయలు మీద విజయవాడ పేరు వెతక్కండి, ఉండదు. లండన్, బెర్లిన్, టోక్యో, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు వంటి పేర్లే ఉంటాయి. ఆ డయళ్లు ఎక్కువగా మీటర్లలో ఉంటాయి కాబట్టి లెక్క వేసుకోవాలి: విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్, 3,00,000ను 837తో భాగిస్తే 358 మీటర్లు. ముల్లును 360కి కాస్త ఇవతల పెట్టి చూడండి.

లక్షణం: మొదట బాగా పలికి, వేడెక్కాక గొంతు బొంగురుపోతోంది

అసలు చెప్పాలనుకున్నది ఇదే. ఆన్ చేసిన పావుగంట దాకా తియ్యగా పలుకుతుంది. ఆ తర్వాత మాటలు ముద్దముద్దగా అవుతాయి, ధ్వని పెంచితే చిరిగిన గుడ్డలా బరబరమంటుంది. ఆపి, చల్లారనిచ్చి మళ్లీ వేస్తే మళ్లీ బాగుంటుంది. చూసినవాళ్లంతా వాల్వు పోయిందంటారు. స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు మారుస్తారు, నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత కొత్తదీ అదే దారి పడుతుంది. ఈఎల్3 లాంటి వాల్వు ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యడం లేదు. అలాంటి రెండు వాల్వులు, వాటి వెనకే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, కొన్ని సందర్భాల్లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు కూడా బలైపోతాయి. ఇంత నష్టానికి కారణం వేలెడంత మైనపు కండెన్సరు ఒక్కటి.

దాని పేరు కప్లింగ్ కండెన్సరు. మొదటి ఆడియో వాల్వు (6క్యూ7, ఈబీసీ3 లాంటివి) ప్లేటు నుంచి అవుట్‌పుట్ వాల్వు (6వీ6, ఈఎల్3) గ్రిడ్‌కు, అంటే దానిలోని కరెంటును అదుపు చేసే జాలికి, వెళ్లే దారిలో ఉంటుంది. విలువ సాధారణంగా 0.01 లేదా 0.02 మైక్రోఫారడ్లు. ఒక వైపు 100 వోల్టులు, ఇంకో వైపు సున్నా. ధ్వనిని పోనివ్వాలి, ఆ డీసీని ఆపాలి, దాని ఉద్యోగం అంతే. లోపల కాగితం, రేకు చుట్టి మైనంలో ముంచారు. ఎనభై ఏళ్లు కృష్ణ ఒడ్డు ఉక్కలోనూ వానాకాలపు చెమ్మలోనూ ఉన్నాక మైనం చిట్లి, కాగితం తేమ పీల్చి, కొద్దికొద్దిగా కరెంటును వదలడం మొదలుపెడుతుంది.

లెక్క చూడండి. గ్రిడ్ నుంచి చాసీకి 470 కిలో ఓముల రెసిస్టెన్సు ఉందనుకుందాం. కండెన్సరు లీకు 10 మెగా ఓములైతే గ్రిడ్ మీదికి 4.5 వోల్టులు ఎక్కుతాయి. ఈఎల్3కి కావలసిన బయాసే, అంటే హీటరు వేడిచేసే క్యాథోడుతో పోలిస్తే గ్రిడ్ మీద ఉండాల్సిన వోల్టేజే, మైనస్ 6 వోల్టులు. అందులో అంత భాగం కొట్టుకుపోతే వాల్వు అడ్డూఅదుపూ లేకుండా కరెంటు లాగుతుంది. కరెంటు పెరిగితే వేడి, వేడికి లీకు ఇంకా పెరుగుతుంది, మళ్లీ కరెంటు. గది దీపం ఆర్పి చూస్తే వాల్వు ప్లేటు మీద మసక ఎరుపు మచ్చ కనిపిస్తుంది. అది కనిపించిన క్షణమే స్విచ్చి ఆపండి, ఇంకో నిమిషం కూడా ఆగొద్దు.

మరి ఇంతమంది ఎలా మోసపోతారు? కండెన్సరును విప్పి మల్టీమీటరుతో చూస్తే తెరిచిన దారిలా బాగానే చూపిస్తుంది. మీటరు దానికి పెట్టేది ఒకటి రెండు వోల్టులే, అదీ చల్లగా ఉన్నప్పుడు. రోగం బయటపడేది 100 వోల్టుల కింద, వేడి మీద. కాబట్టి విడిగా తీసి చేసే పరీక్షకు విలువ లేదు. పనిచేస్తున్న సెట్టులోనే చూడాలి.

డిజిటల్ మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల కడ్డీని చాసీకి క్లిప్పుతో తగిలించి, ఎర్ర కడ్డీని అవుట్‌పుట్ వాల్వు కంట్రోల్ గ్రిడ్ మీద ఆనించండి. 6వీ6లో అది 5వ పిన్ను. క్యాథోడుకు రెసిస్టెన్సు ఉన్న సెట్టులో అక్కడ సున్నా ఉండాలి. ఉంచి చూస్తూనే ఉండండి. రెండో నిమిషంలో 0.1, ఐదో నిమిషంలో 0.4, పదిలో 1.2, ఇరవైలో 2.5, ఇలా పాకుతూ పోతే దొంగ దొరికినట్టే. ఏ నిమిషానికి ఎంత అన్నది సెట్టును బట్టి మారుతుంది, ఆగకుండా ఎక్కడమే గుర్తు. పాత ముల్లు మీటరుతో ఈ పని చెయ్యకండి. వోల్టుకు 1000 ఓముల మీటరును 10 వోల్టుల రేంజిలో పెడితే అది గ్రిడ్‌ను 10 కిలో ఓములతో చాసీకి లాగేస్తుంది. అసలున్న 4.5 వోల్టులు 0.1గా కనిపిస్తాయి, కండెన్సరు నిర్దోషి అని తేలిపోతుంది.

గ్రిడ్ దగ్గర పాజిటివ్ కనిపించగానే కండెన్సరు అనేయకండి. సెట్టు ఆపి, కండెన్సరు గ్రిడ్ వైపు కాలు విప్పి మళ్లీ వేసి చూడండి. వోల్టేజి మాయమైతే తప్పు కండెన్సరుది. అలాగే ఉంటే వాల్వుదే, దానిలో గ్యాసు చేరింది. అప్పుడే వాల్వు మార్చాలి. కొన్ని సెట్లలో బయాసు హెచ్‌టీ (వాల్వులను నడిపే హై టెన్షన్ డీసీ) నెగటివ్ దారి నుంచి వస్తుంది, అక్కడ గ్రిడ్ మామూలుగానే మైనస్‌లో ఉంటుంది. ఆ మైనస్ వేడెక్కేకొద్దీ సున్నా వైపు జారుతోందా అని చూడాలి.

మందు తేలిక: 0.022 లేదా 0.01 మైక్రోఫారడ్ల, 630 వోల్టుల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కండెన్సరు. ధర టీ నీళ్ల ఖర్చు. అదే కాలపు ఇంకో సెట్టులోంచి పీకిన మైనపు కండెన్సరు వెయ్యకండి. వాడని పాత సరుకని అమ్మేది కూడా వద్దు, కాగితం పెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది. కొన్ని యూరపు సెట్లలో విలువ సెంటీమీటర్లలో రాసి ఉంటుంది, కంగారుపడొద్దు, 900 సెంటీమీటర్లు ఒక నానోఫారడ్. అంటే 10,000 అని ఉంటే సుమారు 0.011 మైక్రోఫారడ్లు. పైరూపం చెడకూడదనుకుంటే పాత గొట్టాన్ని హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి లోపలి చుట్ట లాగేసి, కొత్తది అందులో పెట్టి మైనం పోసి మూసేయండి.

పనయ్యాక క్యాథోడు వోల్టేజి చూడండి. 6వీ6కి 250 ఓముల రెసిస్టెన్సు మీద 12 నుంచి 13 వోల్టులు, ఈఎల్3కి 150 ఓముల మీద దాదాపు 6 వోల్టులు రావాలి. 6వీ6లో 19 చూపిస్తే 76 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయి, ఇంకా ఏదో ఉంది. ఆ రెసిస్టెన్సు తన విలువ నిలుపుకుందా, గ్రిడ్ దగ్గరి 470 కిలో ఓములు రెండు మెగా ఓములైపోయిందా, రెండూ సెట్టు ఆపి కొలవండి.

మిగిలిన మైనపు కండెన్సర్లు కూడా అదే వయసువి, వాటినీ మార్చాల్సిందే. కానీ ఒకటి మార్చి, వినిపించి, ఆ తర్వాతే రెండోది. అన్నీ ఒకేసారి పీకితే ఎక్కడ తప్పు కలిపారో తెలియదు.

లక్షణం: హమ్, గరగర

ఆగకుండా హమ్ వస్తుంటే హెచ్‌టీ ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోయాయి. 8+8 ఉన్నచోట 10 మైక్రోఫారడ్ల 450 వోల్టులవి రెండు వెయ్యండి. ఎక్కువైతే మంచిదని 47, 100 పెడితే రెక్టిఫయరు వాల్వు పోతుంది.

గరగరకు కారణం చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది: ఎల్ఈడీ దీపాలు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టరు. బ్యాటరీ ట్రాన్సిస్టరును పక్కన పెట్టి ఒక్కో స్విచ్చీ ఆపుతూ రండి, ఏది ఆపితే మోత తగ్గుతుందో అదే. 1942లో ఈ బెడద లేదు. అప్పుడు వినిపించినంత శుభ్రంగా ఇప్పుడు వినపడకపోతే తప్పు సెట్టుది కాకపోవచ్చు.

లక్షణం: షార్ట్ వేవ్‌లో పగలు ఏమీ లేదు

వేళ తప్పు. పగలు 19, 25 మీటర్ల దగ్గర, చీకటి పడ్డాక 31, 41, 49 మీటర్ల దగ్గర వెతకాలి. యుద్ధకాలంలో శ్రోతలు ముల్లును పొద్దుతో పాటే జరిపేవారు. ఇప్పుడు స్టేషన్లు తక్కువ, రాత్రిళ్లు చైనా కేంద్రాలు గట్టిగా వస్తాయి, పరీక్షకు అవి చాలు. 1942లో బొంబాయి నుంచి రహస్యంగా నడిచిన కాంగ్రెస్ రేడియో 42.34 మీటర్ల మీద పలికింది. మీ డయలు 16 నుంచి 50 మీటర్ల దాకా తెగకుండా ఉంటే ఆ చోటు 41కి కాస్త అవతల చూపించవచ్చు. ఒక్కో బ్యాండునే డయలంతా పరిచే బ్యాండు స్ప్రెడ్ సెట్లలో ఆ చోటు ఉండకపోవచ్చు.

పాత ప్రసారాల రికార్డింగు ఫోను నుంచి వినిపించాలంటే పికప్ సాకెట్లు వాడండి. ఎడమ, కుడి తీగలకు చెరో 1 కిలో ఓము పెట్టి కలిపి, 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మరు మీదుగా ఇవ్వాలి. ఏసీ/డీసీ సెట్టుకు ఫోను అసలు తగిలించొద్దు. ఇది పరీక్షగానూ పనికొస్తుంది: పికప్‌లో శుభ్రంగా ఉండి రేడియోలో బాగోలేదంటే తప్పు డిటెక్టరు (తరంగం నుంచి ధ్వనిని విడదీసే భాగం) దగ్గరో అంతకు ముందో, రెండింటిలోనూ వేడెక్కాక బొంగురుపోతే మళ్లీ ఆ కప్లింగ్ కండెన్సరే.

అరుదైనవి

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ తెగితే ధ్వని పూర్తిగా పోయి వాల్వు స్క్రీన్ ఎర్రబడుతుంది, వెంటనే ఆపాలి. ఐఎఫ్ (మధ్య పౌనఃపున్య) కాయిల్ తెగడం, స్టేషను మార్చే గ్యాంగు కండెన్సరు రేకులు రాసుకోవడం, స్పీకరు కాగితం ఎలుక కొట్టడం, ఇవన్నీ కంటికి, మీటరుకు ఇట్టే దొరుకుతాయి.

మరమ్మతు అయ్యాక గంటసేపు ఆపకుండా వినండి. ఐదో నిమిషంలోనూ అరవయ్యో నిమిషంలోనూ క్యాథోడు వోల్టేజి రాసుకోండి. రెండింటికీ అర వోల్టు కన్నా ఎక్కువ తేడా ఉండకూడదు. ఆ అంకెలను, మార్చిన కండెన్సర్ల విలువలను, తేదీని ఒక చీటీ మీద రాసి వెనక అట్టకు లోపలి వైపు అంటించండి.