సిటీ బస్సులో ఉన్నది ఒక్క చోటు: వీల్‌చెయిర్, పిల్లల బండి, పెట్టె ఎలా సర్దుకోవాలి

నేను 12 ఏళ్లుగా వీల్‌చెయిర్‌లో తిరుగుతున్నాను. మా చెల్లికి పాప పుట్టాక స్ట్రోలర్ వచ్చింది. మా నాన్నకు రెండు రోజుల ప్రయాణానికైనా పెద్ద ట్రాలీ సూట్‌కేసు ఉండాల్సిందే. పాపకు పది నెలలప్పుడు అందరం కలిసి ఒకే సిటీ బస్సెక్కాం.

చెల్లి గబగబా ముందు ఎక్కేసి, ఖాళీగా ఉంది కదా అని స్ట్రోలర్‌ను, వీల్‌చెయిర్ కోసం సీట్లు లేకుండా వదిలిన చోట్లో పెట్టేసింది. నేను ర్యాంప్ మీదుగా లోపలికి వచ్చేసరికి కుర్చీ తిప్పుకోవడానికి వీల్లేదు. నా వెనక నాన్న పెట్టెతో సహా తలుపులో ఇరుక్కున్నారు. తలుపు మూసుకోదు, బస్సు కదలదు. "నువ్వు ఆగి ఎక్కాల్సిందే" అని నేను, "ఆ మాట ముందే చెప్పొచ్చుగా అక్కా" అని అది. ఒకే ఇంటివాళ్లం అయ్యుండీ బస్సంతా చూస్తుండగా పోట్లాడుకున్నాం. ఇక ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య ఈ గొడవ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఆ తర్వాత కలిసి చాలాసార్లు తిరిగాం. తిప్పలు పడి నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు ఆ చోటు ఎంతో చూడండి

బస్సుల నిర్మాణానికి చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 107వ నిబంధన ప్రకారం వీల్‌చెయిర్ చోటు కనీసం 75 సెంటీమీటర్ల వెడల్పు, 130 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. అమెరికాలో 30 అంగుళాలు, 48 అంగుళాలు, అంటే దాదాపు అంతే. నా కుర్చీ వెడల్పు 64 సెంటీమీటర్లు, పాదాలతో కలిపి పొడవు 108. మిగిలేది వెడల్పులో బెత్తెడు, పొడవులో జానెడు. "ఇద్దరూ సర్దుకోండమ్మా" అనే పెద్దమనిషి ప్రతి బస్సులో ఒకరుంటారు. బెత్తెడు జాగాలో స్ట్రోలర్ ఎలా పెట్టాలో ఆయనే చెప్పాలి.

నాకు ఆ చోటుతో పాటు అక్కడిదాకా దారి కూడా కావాలి. వీల్‌చెయిర్ ఉన్నచోటే గుండ్రంగా తిరగాలంటే సుమారు 150 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. బస్సులో అంత దొరకదు కాబట్టి ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ తిప్పుకుంటాను. చోటు ఖాళీగా ఉండి, దాని పక్కన నడవలో ఒక సూట్‌కేసు నిలబడి ఉందంటే నాకు ఆ చోటు లేనట్టే లెక్క.

ఎవరు ముందు

వీల్‌చెయిర్ ముందు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు, నేను అందులో కూర్చున్నానని కాదు. స్ట్రోలర్‌ను మడవొచ్చు, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకోవచ్చు. నన్ను మడిచి పక్కన పెట్టలేరు. ఆ తర్వాత పిల్లల బండి, చివర లగేజీ.

ఈ విషయం ఒక దేశంలో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2012లో ఇంగ్లండులో వీల్‌చెయిర్‌లో ఉన్న ఒకాయన బస్సెక్కబోతే ఆ చోట్లో నిద్రపోతున్న బిడ్డతో ఒక తల్లి పుష్‌చెయిర్, అంటే పిల్లల బండి, ఉంది. డ్రైవర్ అడిగాడు. ఇది మడతపడదు అందావిడ. ఆయన తర్వాతి బస్సుకోసం ఆగాడు, అందుకోవాల్సిన రైలు తప్పింది. 2017 జనవరిలో తీర్పు వచ్చింది: డ్రైవర్ ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు, కారణం లేకుండా కాదంటే గట్టిగా చెప్పాలి, అవసరమైతే కొన్ని నిమిషాలు బస్సు ఆపి ఒత్తిడి తేవడం గురించి కూడా ఆలోచించాలి. అయితే బలవంతంగా దించేయమని మాత్రం అనలేదు. అమెరికా నిబంధన కూడా అంతే, డ్రైవర్ అడిగి తీరాలి, వినకపోతే బలవంతం చేయనక్కర్లేదు. అంటే చివరికి ఎంత చట్టమున్నా బస్సులో పని జరిగేది మాటతోనే.

ఆ మాట ఎలా అనాలి

చాలా ఏళ్లు నేను "కొంచెం జరుగుతారా" అని అడిగేదాన్ని. కొంచెమే జరిగేవాళ్లు. తప్పు వాళ్లది కాదు, నేను అడిగింది అంతే మరి. ఇప్పుడు "నాకు ఈ చోటంతా కావాలండీ. బండి మడిచేదాకా ఆగుతాను, తొందరేం లేదు" అంటాను. రెండో వాక్యం మొదటిదానికన్నా ఎక్కువ పని చేస్తుంది. బిడ్డ తల్లికి టెన్షన్ అంతా వెనకాల జనం చూస్తున్నారనే. నేను ఆగుతానని వింటే ఆ చేతులు కాస్త కుదుటపడతాయి.

వినకపోతే ఆవిడతో వాదించను. డ్రైవర్‌కు చెప్తాను, ఆ చోట్లో ఆయన్ను పిలిచే బటన్ ఉంటే నొక్కుతాను. ఆవిడకు చెప్పడం ఆయన పని.

స్ట్రోలర్‌తో ఉన్నవాళ్లకు: ర్యాంప్ కిందికి దిగడం కనిపించగానే మీరే ముందు మాట్లాడండి. "మడుస్తున్నాను, అరనిమిషం" అంటే చాలు. అడిగించుకున్నాక కదిలితే ఇద్దరికీ మనసు చివుక్కుమంటుంది.

చుట్టూ ఉన్నవాళ్లకు: "మడవొచ్చుగా అమ్మా" అని కూర్చున్నచోటి నుంచి కేక వేయకండి. లేచి ఆవిడ సంచి పట్టుకోండి. నా కుర్చీ హ్యాండిల్ మాత్రం అడక్కుండా పట్టుకోవద్దు. నేను ఒకవైపు తిప్పుతుంటే మీరు ఇంకోవైపు తోస్తే నా వేళ్లు నలుగుతాయి.

ఇంకొకటి. చూడటానికి స్ట్రోలర్‌లాగే ఉండి, నిజానికి నడవలేని పిల్లల వీల్‌చెయిర్ అయ్యే బండ్లు కొన్ని ఉంటాయి. కింద ఆక్సిజన్ సిలిండరో, మరేదో పరికరమో ఉండొచ్చు. "మడవలేనండీ, ఇది వీల్‌చెయిరే" అని తల్లి అంటే నమ్మండి. నేను ఒకసారి నమ్మలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మడవడం బస్సులో నేర్చుకునే విద్య కాదు

మా చెల్లి దగ్గర నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది. చంకలో పిల్ల, భుజాన సంచి, కదిలే బస్సు. అప్పుడు స్ట్రోలర్ మీట ఎక్కడుందో వెతకడం ఎంత కష్టమో చూసేదాకా నాకు తెలియదు. అది ఇంట్లో పాప బరువున్న బియ్యం సంచి చంకన పెట్టుకుని ఒంటిచేత్తో మడవడం సాధన చేసింది. అమ్మ నవ్వింది కానీ నాలుగో రోజుకు పది సెకన్లలో మడిచేసేది.

బండి కింది బుట్టను బస్‌స్టాప్‌లోనే ఖాళీ చేయాలి. అందులో వాటర్ బాటిల్, డైపర్లు, దుప్పటి ఉంటే అది మడతపడదు. అన్నీ వీపు సంచిలోకి మార్చాలి. హ్యాండిల్‌కు సంచులు అసలు తగిలించొద్దు. పాప కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఎత్తుకున్న మరుక్షణం బండి వెనక్కి పడిపోతుంది. మాకు పాల సీసా అలాగే పగిలింది.

ఎవరైనా సాయం చేస్తామంటే పిల్లను ఇవ్వక్కర్లేదు, బండి ఇవ్వండి. కాకపోతే వాళ్లకు మీ బండి కొత్త. "ఆ ఎర్ర మీట కాలితో తొక్కండి, పైనుంచి నొక్కండి" అని చెప్పాలి. చెల్లి ఆ మీటకు రంగు టేపు చుట్టింది, చూపించడానికి వీలుగా.

మెడ నిలవని పసిబిడ్డయితే బస్సుకు బేబీ క్యారియర్‌లో కట్టుకుని వెళ్లడమే సుఖం. కవలల బండి ఉంటే తలుపు దగ్గరే డ్రైవర్‌కు చెప్పి, రద్దీ లేని వేళ చూసుకోండి. దానికి మించిన ఉపాయం నా దగ్గర లేదు.

ఎక్కే క్రమం

దిగేవాళ్లు దిగాక, ముందు వీల్‌చెయిర్, తర్వాత స్ట్రోలర్, ఆఖర్న పెట్టె. మా ఇంట్లో గొడవ వచ్చింది ఈ క్రమం తిరగబడే.

నేను డ్రైవర్‌ను ర్యాంప్ కన్నా ముందు అడిగేది ఫుట్‌పాత్ అంచుకు ఆనించి ఆపమని. అదే 107వ నిబంధనలో ఒక లెక్క ఉంది. 15 సెంటీమీటర్ల గట్టు మీదకు దించితే ర్యాంప్ వాలు 12 శాతం మించకూడదు. రోడ్డు మీదకు దించితే 36 శాతందాకా ఉండొచ్చు. అంటే బస్సు రోడ్డు మధ్యలో ఆగితే నేను మూడింతలు నిటారుగా ఎక్కాలి. అంత వాలైతే సాయం లేకుండా ఎక్కను. ఎక్కేటప్పుడు ముఖం బస్సువైపు, దిగేటప్పుడు వీపు రోడ్డువైపు, వెనక ఒక మనిషి.

తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు నాకు దారివ్వాలని పొట్ట లోపలికి లాక్కుంటారు. దాంతో దారి రాదు. కిందికి దిగి నిలబడి మళ్లీ ఎక్కండి. డ్రైవర్‌కు ఒక మాట చెప్తే మిమ్మల్ని వదిలేసి పోడు.

నిలిపే పద్ధతి

వీల్‌చెయిర్ వెనక్కి చూస్తూ ఉండాల్సిన బస్సుల్లో వీపును అక్కడున్న దిండు పలకకు పూర్తిగా ఆనించాలి. బస్సు గట్టిగా బ్రేకు వేస్తే శరీరం బస్సు ముందువైపుకు, అంటే వీపు వెనకున్న ఆ పలకవైపే నెట్టుకుపోతుంది, అది ఆపుతుంది. మధ్యలో జానెడు ఖాళీ వదిలితే ఆ ఖాళీ అంతా దెబ్బగా మారుతుంది. రెండు చక్రాల బ్రేకులూ వేయాలి. బ్యాటరీతో నడిచే కుర్చీ అయితే స్విచ్ కట్టేయాలి, లేకపోతే ఎవరి సంచో జాయ్‌స్టిక్‌కు తగిలి కుర్చీ తనంతట తనే బయల్దేరుతుంది. మొదటి నాలుగైదుసార్లు వెనక్కి చూస్తూ పోతుంటే తల తిరుగుతుంది, తర్వాత అలవాటవుతుంది.

వీల్‌చెయిర్ ఎవరూ లేనప్పుడు స్ట్రోలర్‌నూ అలాగే పెట్టాలి: పాప ముఖం బస్సు వెనకవైపు, బ్రేకు వేసి, మీ చెయ్యి దాని మీద. నడవకు అడ్డంగా మాత్రం పెట్టొద్దు. బండి వెడల్పు తక్కువ, బ్రేకు పడితే పక్కకు ఒరిగిపోతుంది.

పెట్టె సంగతి

నాన్న సూట్‌కేసుకు నాలుగు చక్రాలు, అటూ ఇటూ ఎటైనా దొర్లేవి. ఒక మలుపులో అది ఆయన చెయ్యి వదిలించుకుని నడవంతా వెళ్లి ఒకావిడ చీలమండకు కొట్టింది. ఆవిడ తిట్టలేదు, అందుకే నాన్న ఇంకా బాధపడ్డారు. అప్పటి నుంచి బస్సులో పెట్టెను చక్రాల మీద నిలబెట్టరు. పక్క అంచు మీద, చక్రాలు నేలకు ఆనకుండా పెట్టి మోకాళ్లతో నొక్కిపట్టుకుంటారు. హ్యాండిల్ లోపలికి దించేస్తారు. బస్సులో లగేజీ అర ఉంటే బరువైనవి అందులోకి. వీపు సంచి తీసి పాదాల మధ్యకు.

వీల్‌చెయిర్ చోట్లో పెట్టె పెట్టకూడదా అంటే, ఖాళీగా ఉంటే పెట్టండి, కానీ పక్కనే నిలబడండి. పెట్టె అక్కడ, మీరు వెనక సీట్లో నిద్ర అయితే ఆ పెట్టెను ఎవరు కదిలించాలి?

కుదరనిరోజు

ఒక సాయంత్రం వాన. ఆ చోట్లో ఇద్దరు పసిపిల్లలతో ఒకావిడ, ఒకడు ఏడుస్తున్నాడు, ఇంకొకడు జ్వరంతో వాలిపోయి ఉన్నాడు. ఆవిడ నన్ను చూసి లేవబోయింది. నేను వద్దన్నాను, తర్వాతి బస్సుకు వెళ్లాను. అది నా ఇష్టంతో చేసింది. మరుసటి వారం ఫోన్ చూసుకుంటూ ఖాళీ స్ట్రోలర్‌ను ఆ చోట్లో పెట్టుకున్నాయన కోసం నేను బస్సు వదల్లేదు. ఆ చోట్లో ఇంకో వీల్‌చెయిర్ ఉంటే మాత్రం చేసేదేం లేదు, ఆగాల్సిందే.

దిగేటప్పుడు ఒక స్టాప్ ముందే బెల్ కొట్టండి, బస్సు పూర్తిగా ఆగాకే బ్రేకులు తీయండి. మడిచి సీటు సందులో దోపిన స్ట్రోలర్‌ను మర్చిపోవడం చాలా తేలిక. మేము ఒకసారి పాపతో, పెట్టెతో, నాతో క్షేమంగా దిగి, ర్యాంప్ తీసేసి బస్సు వెళ్లిపోయాక చూసుకున్నాం. ఇప్పుడు దిగేముందు నాన్న వేలు చూపిస్తూ గట్టిగా లెక్కపెడతారు: పాప, బండి, పెట్టె, పెద్దమ్మాయి. చివర నన్ను లెక్కపెట్టడం ఏమిటని అడిగితే, "నువ్వు ఎలాగూ అరుస్తావుగా" అంటారు.