సెమిస్టర్ మధ్యలో చదువు ఆపాల్సి వస్తే: కోర్సు డ్రాప్ చేసే ముందు

మిడ్‌టర్మ్ మార్కులు పడ్డ దగ్గర్నుంచి థాంక్స్‌గివింగ్ సెలవుల దాకా, అమెరికాలో చదువుతున్న మన పిల్లల నుంచి నాకు ఏటా ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అక్కా, ఈ సెమిస్టర్ ఆపేసి ఇంటికెళ్ళి వస్తే వీసాకి ఏమైనా అవుతుందా?" ఒకరి ఇంట్లో నాన్నకి గుండెపోటు. ఇంకొకరికి ఫీజు సర్దుబాటు కాలేదు. మరొకరికి రాత్రిళ్ళు నిద్ర పట్టక నెలవుతోంది. కారణం ఏదైనా నేను మొదట చెప్పేది ఒకటే. ఏ కోర్సూ డ్రాప్ చేయకముందే మీ డీఎస్‌ఓకి చెప్పండి. డీఎస్‌ఓ అంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ ఐ-20 (వీసాకి ఆధారమైన యూనివర్సిటీ పత్రం) మీద సంతకం పెట్టే అధికారి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా పిన్ని కొడుకు విషయంలో జరిగింది నా కళ్ళతో చూశాను. టెక్సస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఖమ్మంలో బాబాయికి పక్షవాతం వచ్చిందని శుక్రవారం సాయంత్రం కబురొచ్చింది. రాత్రికే టికెట్ దొరికింది. ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర కూర్చుని, ఫీజులో కొంతైనా వెనక్కొస్తుందని ఫోన్లోనే మూడు కోర్సులూ డ్రాప్ కొట్టేశాడు. ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టాడు, డిపార్ట్‌మెంట్ వాళ్ళు ధైర్యం చెబుతూ జవాబు కూడా రాశారు. పదో రోజున ఆసుపత్రి వరండాలో ఫోన్ నా చేతికిచ్చాడు. విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ అనే ప్రభుత్వ రికార్డు టెర్మినేట్ (రద్దు) అయింది, కారణం అనుమతి లేకుండా చదువు మానేయడం అని ఉంది. "ప్రొఫెసర్‌కి చెప్పాను కదక్కా" అన్నాడు. గొంతు పూడుకుపోయింది పాపం.

ప్రొఫెసర్, డిపార్ట్‌మెంట్, రిజిస్ట్రార్ చూసేది మీ చదువు మాత్రమే. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా హోదా నిలబడేది ఈ సెవిస్ రికార్డు మీద, అందులో రాసేది డీఎస్‌ఓ. యూనివర్సిటీ సెలవు మంజూరు చేసినంత మాత్రాన సెవిస్‌లో అనుమతి వచ్చినట్టు అనుకోవద్దు. ముందే అనుమతి తీసుకుని ఆపితే దేశం విడిచి వెళ్ళడానికి 15 రోజులు ఇస్తారు. చెప్పకుండా ఆపితే ఒక్క రోజు కూడా ఉండదు. డిగ్రీ పూర్తయ్యాక ఇచ్చే 60 రోజులు చదువు మధ్యలో ఆపినవాళ్ళకి వర్తించవు. అనుమతితో ఆపినా రికార్డు మీద టెర్మినేటెడ్ అనే ఉంటుంది, అది చూసి బెంబేలు పడకండి. దాని పక్కన రాసిన కారణమే ముఖ్యం. ఇక డ్రాప్ చేశాక వెనక తేదీతో అనుమతి ఇవ్వడం డీఎస్‌ఓ చేతిలో లేదు.

"ఇక్కడే రూమ్‌లో ఉండి, వచ్చే సెమిస్టర్‌లో చేరతా" అనేవాళ్ళు చాలామంది. ఏడాది చదివాక వచ్చే వేసవి సెలవులు వేరు. ఫాల్‌లోనో స్ప్రింగ్‌లోనో చదువు ఆపి అమెరికాలో ఉండిపోవడం ఒక్క అనారోగ్యం విషయంలోనే కుదురుతుంది. లైసెన్సున్న డాక్టరో, క్లినికల్ సైకాలజిస్టో ఉత్తరం రాసిస్తే డీఎస్‌ఓ కోర్సులు తగ్గించవచ్చు, అవసరమైతే ఒక్క కోర్సూ లేకుండా కూడా అనుమతించవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో అలా మొత్తం 12 నెలలే, ప్రతి సెమిస్టర్‌కీ కొత్తగా అడగాలి. మనసు బాగాలేకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. మన పిల్లలు ఇది బయటికి చెప్పరు. చెబితే వీసా పోతుందేమోనని, ఇంట్లో కంగారు పడతారని లోలోపలే కుమిలిపోయి, క్లాసులు మానేసి, చివరికి అన్నీ ఒకేసారి డ్రాప్ చేస్తారు. ఈ నిబంధన ఉన్నది అలాంటివాళ్ళ కోసమే. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి ఈ వారమే వెళ్ళండి.

ఇంగ్లిష్‌లో చదవడం, అక్కడి బోధనా పద్ధతి మొదట్లో కొరుకుడు పడకపోతే కోర్సులు తగ్గించుకునే వీలు వేరే ఉంది. అది ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే, కనీసం సగం కోర్సులు ఉంచుకోవాలి. ఫీజు ఇబ్బందైతే, రిజిస్ట్రేషన్ రద్దయ్యేదాకా ఆగకుండా వాయిదాల కోసం ముందే అడగండి.

తర్వాత చూడాల్సింది, చదువు ఆపి ఎన్నాళ్ళు దేశం బయట ఉంటారన్న ఐదు నెలల లెక్క. అక్టోబరులో వెళ్ళి జనవరిలో తిరిగొచ్చేవాళ్ళకి సాధారణంగా పాత రికార్డునే మళ్ళీ యాక్టివ్ చేయించవచ్చు. జనవరిలో వెళ్ళి ఆగస్టులో వచ్చేవాళ్ళకి ఐదు నెలలు దాటిపోతాయి. అప్పుడు కొత్త ఐ-20, కొత్త సెవిస్ నంబరు, మళ్ళీ 350 డాలర్ల ఐ-901 (సెవిస్) ఫీజు. పాస్‌పోర్టులో వీసా స్టాంపుకి ఇంకా గడువుందని ధీమాగా ఉండొద్దు, కొత్త వీసా తీసుకోవాల్సి రావచ్చు. చదువుకు సంబంధించిన పని చేసుకోవడానికిచ్చే సీపీటీ, ఓపీటీ అనుమతుల కోసం పూర్తి చేయాల్సిన ఒక విద్యా సంవత్సరం కూడా మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతారు. చాలామంది ఈ సంగతి తిరిగొచ్చాక తెలుసుకుని ఏడుస్తారు, అందుకే ఏ నెలలో వెళ్ళాలన్నది కూడా డీఎస్‌ఓతో కూర్చుని లెక్క వేసుకోండి.

చదువు ఆగిన రోజు నుంచి క్యాంపస్ ఉద్యోగం కూడా ఆగాలి, ఒక్క షిఫ్టు కూడా చేయకూడదు. భార్యో భర్తో ఎఫ్-2 (మీమీద ఆధారపడినవాళ్ళ వీసా) మీద ఉంటే వాళ్ళూ మీతోపాటు వెళ్ళాలి. ఎడ్యుకేషన్ లోన్ ఇచ్చిన బ్యాంకుకి కూడా చెప్పండి. చదువు ఆగినా వడ్డీ ఆగదు.

డీఎస్‌ఓకి మెయిల్ పెద్దగా రాయనక్కర్లేదు. ఫలానా కారణంతో ఈ సెమిస్టర్ ఆపాలనుకుంటున్నాను, ఇంకా ఏ కోర్సూ డ్రాప్ చేయలేదు, ఫలానా సెమిస్టర్‌లో తిరిగి రావాలనుంది, ఎప్పుడు కలవమంటారు? ఈ నాలుగు మాటలు చాలు. అర్ధరాత్రి విమానమైనా సరే, ఎయిర్‌పోర్టు నుంచే పంపండి. డ్రాప్ మాత్రం జవాబు వచ్చాకే.

ఇండియాలో ఉన్నన్నాళ్ళూ కాగితాలు జాగ్రత్త చేయండి. మావాడు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో మళ్ళీ ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు మొదటి ప్రశ్నే ఎందుకు ఆపావని. బాబాయి డిశ్చార్జ్ సమ్మరీ, ఆసుపత్రి బిల్లులు, తన ట్రాన్‌స్క్రిప్ట్, మళ్ళీ చేర్చుకుంటామన్న యూనివర్సిటీ ఉత్తరం ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్ళాడు. జరిగింది జరిగినట్టే చెప్పాడు. వీసా వచ్చింది, కానీ ఏడాది పోయింది.

తిరిగి వెళ్ళే సెమిస్టర్‌కి రెండు మూడు నెలల ముందే డీఎస్‌ఓకి మళ్ళీ రాయండి. పాత రికార్డు మీద వెళ్ళేవాళ్ళు, అది యాక్టివ్ అయిందని మెయిల్ వచ్చేదాకా విమానం ఎక్కొద్దు. కొత్త ఐ-20 మీద వెళ్ళేవాళ్ళు అందులో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల ముందు నుంచే అమెరికాలో దిగవచ్చు, టికెట్ ఆ లెక్కన కొనుక్కోండి.