ఫోనుకు ఇంట్లో ఒక గూడు చూపించండి

పాలమూరు పల్లెలో ఎవరికైనా ఫోను మానుకొమ్మని చెప్పడం న్యాయం కాదు. పనుల కోసం ముంబయికో పుణెకో వలస వెళ్లిన తల్లిదండ్రుల ముఖాలను, అవ్వ దగ్గర ఉండి చదువుకుంటున్న పిల్లలు చూసుకునేది ఆ తెర మీదనే. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో డిజిటల్ తరగతులు మొదలైనప్పుడు, టీవీ లేని ఇళ్లకు వెళ్లి పిల్లల చదువు కోసం ఒక ఫోను కొనమని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ ఫోను ఇంట్లో ఎట్లా మసలాలో చెప్పే బాధ్యత కూడా నాదేనని అనుకుంటాను. అందువల్ల మాట్లాడుకోవడానికి వాడే ఫోనును, వేలితో తోసుకుంటూ పోయే ఫోనును వేరుచేసి, రెండోదానికి హద్దు గీయడం ఎట్లాగో మాత్రమే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి వారం ఏదీ మార్చకండి, లెక్క మాత్రం చూడండి. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో ‘డిజిటల్ వెల్‌బీయింగ్’, ఐఫోనులో ‘స్క్రీన్ టైమ్’ అనే విభాగాలు ఉంటాయి. ఏ యాప్‌లో ఎంతసేపు గడిపారో, రోజులో ఎన్నిసార్లు ఫోను తెరిచారో, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో అక్కడ కనబడుతుంది. గంటలకన్నా, ఎన్నిసార్లు తెరిచామన్న అంకెనే నేను ముందు చూస్తాను, ఎందుకంటే అవసరం లేకుండానే చేయి పోయిన సందర్భాలన్నీ అందులో బయటపడతాయి. రోజూ రాత్రి ఆ అంకెను గోడమీది క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాయండి. పక్కనే, చేయి ఎక్కువగా ఏ వేళలో ఫోను మీదికి పోయిందో ఒక్క మాటలో రాయండి: బస్సు కోసం చూస్తూ, అన్నం తింటూ, నిద్ర పట్టక, ఎవరితోనో మాటామాటా పెరిగి. వారం తిరిగేసరికి రెండు మూడు వేళలే మళ్లీ మళ్లీ కనబడతాయి, ముందుగా మార్చుకోవలసింది వాటినే.

రీల్స్ చూడటం ఎంతకూ ఆగకపోతే అదంతా మీ మనసు బలహీనతేనని బాధపడకండి. ఒకప్పుడు వెబ్ పేజీకి అడుగు అంటూ ఉండేది, అక్కడికి చేరాక తరువాతి పేజీ కావాలో వద్దో ఒక క్షణం ఆలోచించుకునేవాళ్లం. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించిన అంతులేని స్క్రోలింగ్ ఆ అడుగును తీసివేసింది, తాను చేసిన ఆ పనికి తరువాతి కాలంలో ఆయనే బహిరంగంగా విచారపడ్డాడు. విస్తరిలో అన్నం తగ్గనీయకుండా వడ్డిస్తూనే ఉంటే ఎంత తిన్నామో తెలియనట్టే ఇక్కడా జరుగుతుంది. కాబట్టి ముగింపును మనమే బయటి నుంచి తెచ్చిపెట్టుకోవాలి. పైన చెప్పిన విభాగంలోనే ఒక్కొక్క యాప్‌కు టైమర్ పెట్టవచ్చు, ఆండ్రాయిడ్‌లో గడువు తీరిన యాప్ అర్ధరాత్రి దాకా తెరుచుకోదు. అయితే పెట్టిన చేతితోనే టైమర్‌ను తీసివేయవచ్చు, అందుకని నేను మరొక పద్ధతిని ఎక్కువగా నమ్ముతాను: ఎక్కువ కాలం తినేస్తున్న ఒక్క యాప్‌ను ఫోను నుంచి తొలగించి, చూడాలనుకున్నప్పుడు బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టి తెరవండి. ఆ కొద్దిపాటి శ్రమ వల్లనే సగం సార్లు చేయి వెనక్కి వస్తుంది.

నోటిఫికేషన్ల సంగతి ఒక పూటలో తేలిపోతుంది. ఫోను కాల్స్, మనుషులు నేరుగా పంపే సందేశాలు, బ్యాంకు సమాచారం తప్ప మిగిలినవన్నీ ఆపివేయండి. వాట్సాప్ గ్రూపులను ‘ఎల్లప్పుడూ’ అన్న ఎంపికతో మ్యూట్ చేసి, సాయంత్రం ఒకసారి తెరిచి చూసుకుంటే చాలు.

రాత్రి వేళ మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి. పడుకునే ముందు తెర వెలుగు కళ్లలో పడితే, నిద్రకు సహకరించే మెలటోనిన్ అనే హార్మోను ఆలస్యంగా విడుదలవుతుంది, చూసిన విషయమేమో మనసును మేల్కొల్పి ఉంచుతుంది. పాత మట్టిగోడల ఇళ్లలో దీపం పెట్టుకోవడానికి గూడు ఉండేది. అటువంటి గూటినో, దర్వాజ పక్కన ఒక చెక్కపలకనో ఫోన్లకు కేటాయించి, ఛార్జింగ్ అక్కడే పెట్టండి. పడుకునే గదిలో ఛార్జర్ ఉండకూడదు. పొద్దున లేవడానికి అలారం గడియారం ఒకటి కొనుక్కోండి, అలారం కోసమని ఫోనును తలాపున పెట్టుకోవడంతోనే చాలామంది ఇళ్లలో ఈ ప్రయత్నం చెడిపోతుంది.

ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “సారూ, మా నాయిన పనికాడికెళ్లి ఎప్పుడు ఫోన్ చేస్తడో తెల్వదు, అందుకే పక్కనే పెట్టుకొని కూసుంట” అన్నది. ఎదురుచూస్తున్నంతసేపూ వీడియోలు చూస్తున్నదన్న మాట. ఆ బిడ్డకు ఏమి చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. తరువాత వాళ్ల నాయినతో మాట్లాడితే, రాత్రి ఎనిమిదింటికి తప్పకుండా చేస్తానని వేళ ఖాయం చేశాడు. వలస కుటుంబాలన్నిటికీ నేను ఇప్పుడు చెప్పేది ఇదే: మాట్లాడే వేళను ముందే నిర్ణయించుకోండి, ఆ వేళ ఫోను పూర్తిగా పిల్లలదే, మాట అయిపోగానే అది గూటికి వెళ్లాలి. అర్ధరాత్రి ఆపద వస్తే ఎట్లా అన్న భయానికీ ఉపాయం ఉంది. ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టి, ఇంటివాళ్ల నంబర్లకు అనుమతి ఇస్తే వాళ్ల కాల్ మాత్రం మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో, ఒకే నంబరు నుంచి 15 నిమిషాల లోపు రెండోసారి వచ్చే కాల్ మోగేలా కూడా పెట్టుకోవచ్చు.

చిన్నపిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలే వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదు, అంతకన్నా తగ్గితే మరీ మంచిది. ఫోను చూపిస్తే తప్ప ముద్ద మింగని పిల్లకు మూడు పూటలా ఒకేసారి మాన్పించకండి. సాయంత్రపు అన్నంతో మొదలుపెట్టి, వాకిట్లో కూర్చోబెట్టి కోళ్లనో మేకలనో చూపిస్తూ తినిపించండి. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుస్తుంది, తక్కువ తింటుంది, ఆకలైతే తానే అడుగుతుంది. అవ్వాతాతలు కూడా ఒప్పుకుంటేనే ఇది నిలుస్తుంది, కాబట్టి ముందు వాళ్లతో మాట్లాడండి. పెద్దపిల్లల చేతిలోంచి ఫోను గుంజుకోవద్దు. పచ్చీసు పీటనో, వామనగుంటల చెక్కనో తీసి మీరే ఆటకు కూర్చోండి, మీ ఫోనును అప్పటికే గూట్లో పెట్టి ఉండండి.

ఫార్వర్డ్‌ల గురించి మన ప్రాంతానికి సొంత అనుభవమే ఉంది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు పాకినప్పుడు, అప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, కళాకారులతో డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వీడియోలను నమ్మవద్దని జనానికి చెప్పించారు. సందేశం మీద రెండు బాణాల గుర్తు కనబడితే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. దానిని తెల్లవారేదాకా ఎవరికీ పంపకుండా ఉంచండి.

కళ్ల కోసం ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల అవతల ఉన్న వేపచెట్టునో గుట్టనో 20 సెకన్లు చూడండి. తెర చూస్తున్నప్పుడు మనం రెప్పవేయడం బాగా తగ్గిపోతుంది కనుక, కావాలని నాలుగుసార్లు రెప్పలు ఆడించండి.

పండుగ సెలవులలోనో, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడో ఈ పద్ధతి తప్పుతుంది. తప్పిన మరుసటి రాత్రే ఫోనును మళ్లీ గూట్లో పెట్టండి. క్యాలెండరు కాగితం తిప్పే రోజున పాత నెల అంకెలను ఇంటిల్లిపాదీ కలిసి చదివి, ఏ వేళ ఇంకా లొంగలేదో చూసుకోండి. పిల్లవాడు ఫోను కోసం బడి మానేస్తున్నా, నిద్ర పూర్తిగా చెడినా, ఫోను ఇవ్వకపోతే తనను తాను గాయపరచుకుంటానని అన్నా, ఇంటి పద్ధతులతో కాలం గడపకుండా, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం ఫోనులో సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ పగలూ రాత్రీ అందుబాటులో ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.