ప్రసూతి సెలవు తర్వాత ఉద్యోగం పోయినా ఈఎస్ఐ భృతి వచ్చింది: నా అనుభవం

2023 ఏప్రిల్‌లో బాలానగర్‌లో నేను పనిచేసే యూనిట్ మూసేశారు. ఉద్యోగం పోయిన ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) సభ్యులకు అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద సగటు రోజు జీతంలో 50 శాతం, గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. ఈఎస్ఐ ఆఫీసులో అడిగితే, "మీకు రాదమ్మా, ఆరు నెలలు చందానే లేదు కదా" అన్నారు. 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ప్రసూతి సెలవు. ఆ 26 వారాలూ ఈఎస్ఐ నుంచే జీతం వచ్చింది, చందా (జీతం లెక్కన ఈఎస్ఐకి కట్టే వాటా) మాత్రం పడలేదు. బిడ్డను చూసుకున్న కాలమే అడ్డమవుతుందంటే చాలా బాధేసింది.

దారి రూల్‌లోనే దొరికింది. మొదట్లో ఉద్యోగం పోవడానికి ముందటి నాలుగు చందా కాలాల్లోనూ (ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి, ఇలా ఆరేసి నెలలు) ఒక్కోదానిలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలనేవారు. 2020లో సడలించారు. రెండేళ్ల బీమా ఉద్యోగం ఉండి, ఉద్యోగం పోవడానికి ముందటి కాలంలో 78 రోజులు, అంతకుముందు మూడింటిలో ఏదో ఒకదానిలో 78 రోజులు ఉంటే చాలు. సెలవు కాలం ఖాళీగా ఉన్నా నష్టం లేదు!

పోర్టల్‌లో చందా వివరాలు ప్రింట్ తీసి, అక్టోబర్-మార్చి కాలాన్నీ, సెలవుకు ముందటి కాలాన్నీ గుర్తు వేసి చూపించాను. క్లెయిమ్ తీసుకున్నారు, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడింది.

ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ పెట్టుకోవచ్చు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. సెలవు నుంచి తిరిగొచ్చాక 78 రోజులు పడ్డాయో లేదో ముందు అదే చూసుకోండి.