కేబుల్ పీకితే సగమే బతికింది

మా బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్‌లో (పెద్ద కేంద్ర కంప్యూటర్‌లో) ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ నడుస్తుంది. నెట్‌వర్క్‌కి కలిపే రెండు ఓఎస్ఏ కార్డులు, వాటి మీద ఒక వీఐపీఏ. అంటే ఏ కార్డుకీ కట్టుబడని ఐపీ అడ్రస్. ఒక కార్డు పోతే, ఓఎంప్రౌట్ అనే ప్రోగ్రామ్ ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు దారులు పంచుకునే పద్ధతి) ద్వారా రెండో దారి చూపిస్తుంది. కాగితం మీద అంతా బాగుంది.

ఆదివారం రాత్రి డ్రిల్‌లో ఒక కేబుల్ పీకాం. బ్రాంచీల నుంచి వచ్చే కనెక్షన్లు చెక్కుచెదరలేదు. కానీ మేము బయటికి తెరిచినవన్నీ ఢమాల్! అప్పుడు మొదలైంది టెన్షన్.

ముందు రూటర్‌ని అనుమానించి గంట వృథా చేశాను. తర్వాత కనెక్షన్ల జాబితా చూపే నెట్‌స్టాట్ కాన్ కమాండ్ చూస్తే విషయం తెలిసింది: బయటికి వెళ్లే ప్రతి కనెక్షన్‌కీ సోర్స్ అడ్రస్ వీఐపీఏ కాదు, పీకిన కార్డుదే. టీసీపీ/ఐపీ సెట్టింగుల ఫైలైన ప్రొఫైల్‌లో, ఐపీకాన్ఫిగ్ కింద సోర్స్‌వీఐపీఏ (బయటికి వెళ్లేవాటికి వీఐపీఏనే సోర్స్‌గా వాడమనే సెట్టింగ్) లేదు. అది చేర్చినా మార్పు లేదు! కార్డుల్ని డివైస్, లింక్ అని రాసే పాతకాలపు పద్ధతిలో హోమ్ జాబితా (మన ఐపీ అడ్రస్‌ల జాబితా) వరుస కూడా ముఖ్యమట. వీఐపీఏ కార్డుల కన్నా పైన ఉండాలి. మాది అట్టడుగున ఉంది.

పైకి జరిపి, నడుస్తుండగానే సెట్టింగులు మార్చే ఓబేఫైల్ కమాండ్‌తో ఎక్కించాను. పాత కనెక్షన్లు పాత అడ్రస్‌తోనే ఉంటాయి కాబట్టి వాటిని తెంచి మళ్లీ తెరిపించాం. అవతలి సంస్థ ఫైర్‌వాల్ కొత్త అడ్రస్‌ని ఒప్పుకోలేదు, అదింకో రెండు రోజుల కథ.

తర్వాతి డ్రిల్‌లో కేబుల్ పీకినా ఒక్క సెషన్ కూడా తెగలేదు. స్విచ్ అవతల తేడా వస్తే మాత్రం మన కార్డుకి లింక్ పోయినట్టు కనిపించదు కాబట్టి, ఓఎస్‌పీఎఫ్ మామూలు లెక్క ప్రకారం 40 సెకన్లు ఆగాల్సిందే.