బస్సులోనో రైల్లోనో దెబ్బ తగిలితే పరిహారం ఎలా అడగాలి

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, నొప్పి చిన్నదే అనిపించినా సరే. మెడ, నడుము దెబ్బలు ఒక్కోసారి మర్నాటికి గానీ బయటపడవు, ఆలస్యంగా వెళ్తే "ఇది ప్రమాదంలో తగిలిందేనా?" అని అవతలివాళ్ళు మెలిక పెడతారు. టికెట్ పారేయకండి. బండి నంబరు, టైము రాసుకోండి, తడి మెట్టో విరిగిన కడ్డీయో ఉంటే ఫొటో తీయండి, పక్కనున్నవాళ్ళ ఫోన్ నంబరు అడగండి. సీసీ కెమెరా ఫుటేజీ విషయంలో మాత్రం అస్సలు తాత్సారం వద్దు, కొన్నాళ్ళకి పాతదాని మీదే కొత్తది రికార్డయిపోతుంది, కాబట్టి దాన్ని భద్రపరచమని వెంటనే రాసిచ్చి రసీదు తీసుకోండి. ప్రభుత్వ సంస్థ బండైతే, పరిహారం అడుగుతున్నామని వాళ్ళకి నోటీసు ఇవ్వడానికి చాలాచోట్ల గడువు తక్కువ, లాయర్ని త్వరగా కలవండి. మందుల బిల్లులతోపాటు పోయిన జీతం కూడా లెక్కలో వేయండి, చాలామంది ఇదే మర్చిపోతారు. చికిత్స పూర్తికాకుండా, ఎంత మర్యాదగా అడిగినా, సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టొద్దు.