రబ్బరు మొక్క పెంపకం – 4వ పాఠం: గాలి అంటు

పోయిన పాఠంలో కుండీ మార్చాం. ఈసారి చాకు పట్టాలి.

మూడు నాలుగేళ్లు ఇంట్లో పెరిగిన రబ్బరు మొక్క ఎలా తయారవుతుందో మీకు తెలిసిందే. కింద ఆకులన్నీ రాలి బోసి కాండం, పైన గొడుగులా పది ఆకులు. ఆ పై భాగానికి మొక్కమీదే వేళ్లు పుట్టించి, తర్వాత కోసి వేరే కుండీలో పెడదాం. కొమ్మ కోసి మట్టిలో గుచ్చితే రాదా అంటే, వస్తుంది. కానీ అంతంత ఆకులున్న కొమ్మ వేళ్లు పట్టేలోపే వాడిపోవచ్చు. అంటులో అయితే తల్లి నీళ్లు అందిస్తూనే ఉంటుంది.

కాండం మీద వేళ్లు వేయడం ఈ మొక్కకు కొత్తేం కాదు. మర్రి, రావి, మేడి దీనికి దాయాదులు. మేఘాలయలో ఖాసీలు ఈ చెట్టు వేళ్లనే, బోలుగా తొలిచిన పోకమానుల్లోంచి వాగు అవతలికి నడిపించి, ఏళ్ల తరబడి అల్లి, బతికున్న వంతెనలు చేసుకున్నారు. (టైర్లకు పాలిచ్చే కేరళ రబ్బరు చెట్టు వేరే కుటుంబం. పాలు కారడం తప్ప రెంటికీ చుట్టరికం లేదు.)

తొలకరి నుంచి ఆగస్టు దాకా మంచి అదను. చలికాలంలో మొదలుపెట్టకండి.

కొన నుంచి మూరెడు కిందికి రండి. అక్కడ ఒక కణుపు కిందుగా చోటు ఎంచుకుని, అటూ ఇటూ ఉన్న రెండు మూడు ఆకులు తీసేయండి. వెంటనే తెల్లటి పాలు కారతాయి. కొందరికి చర్మం మండుతుంది, బట్టకంటితే మరక పోదు. అందుకే గ్లౌజులు, పాత చొక్కా. తడిగుడ్డతో అద్దుతూ ఉంటే కాసేపటికి ఆగుతాయి.

ఇప్పుడు అంగుళం దూరంలో కాండం చుట్టూ రెండు గాట్లు పెట్టి, మధ్యలో నిలువుగా చీరి, బెరడును ఉంగరంలా ఒలిచేయండి. నేను తొలిసారి ఇక్కడే దెబ్బతిన్నాను. రెండు నెలలు ఆగి విప్పితే ఒక్క వేరు లేదు, పైబెరడు కిందబెరడు కలిసిపోయి ఉన్నాయి! బెరడు తీశాక కట్టె మీద జిగటగా, జారుడుగా ఒక పొర మిగులుతుంది. దాన్ని చాకు వీపుతో గీకాలి, వేలికి పొడిగా, గరుగ్గా తగిలేదాకా. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు గుండానే కిందికి దిగుతుంది. దారి తెగితే గాటు పై అంచు దగ్గర పోగుపడి, అక్కడే వేళ్లు పుడతాయి. నీళ్లు మాత్రం లోపలి కట్టెలోంచి ఎక్కుతాయి, కాబట్టి గాటు లోతుగా దించొద్దు.

వేళ్లు పుట్టించే పొడి ఉంటే పై అంచుకు రాయండి, లేకపోయినా ఫర్వాలేదు. నానబెట్టిన మాస్‌ను (ఎండు నాచును) చుక్క కారనంతగా పిండి, పిడికెడు ముద్ద గాటు చుట్టూ పెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు చుట్టి, రెండు చివరలా పురికొసతో బిగించండి. మాస్ ఎండినట్టు కనిపిస్తే సిరంజీతో కాసిని నీళ్లు ఎక్కించండి.

ఐదారు వారాల నుంచి రెండు మూడు నెలల దాకా పట్టొచ్చు. మొదట తెల్లటి ముల్లులాంటిది కనిపించగానే కోసేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. వేళ్లు కవరు లోపల చుట్టుకుని కాస్త గోధుమరంగు తిరగాలి. అప్పుడు ముద్దకు దిగువన కోసి, కవరు విప్పి, మాస్‌ను కదపకుండా ఎనిమిదంగుళాల కుండీలో నాటండి. మట్టి పాళ్లు రెండో పాఠంలోవే. పై బరువుకు ఒరగకుండా కర్ర కట్టి, రెండు వారాలు ఎండ తగలని వెలుతురులో ఉంచండి. ఒకటి రెండు ఆకులు పండి రాలితే కంగారు పడొద్దు.

తల్లి మోడును పారేయకండి. నీళ్లు తగ్గించి అలాగే ఉంచితే, కోసిన చోటు కిందినుంచి ఎర్రటి మొగ్గలు పొడుస్తాయి. వాటిలో ఏది ఉంచాలో, ఏది గిల్లేయాలో ఐదో పాఠంలో.